‘నాకొద్దు’ అనే పిల్లలకు కూర, పండు అలవాటు చేయడం: మెట్టు మెట్టుగా

మా కొడుక్కు నాలుగేళ్లప్పుడు హనుమకొండలో మా ఇంట్లో రాత్రి పూట ఒకటే పరుగు. గిన్నెలో పప్పన్నం కలుపుకొని నేను వెనక, వాడు ముందు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి డాబా మీదికి. ఫోన్లో బొమ్మలు పెడితే నోరు తెరిచేవాడు. కానీ అన్నంలో దాచిన బీరకాయ ముక్క నాలుకకు తగిలిందంటే ఏ బొమ్మలూ పనిచేసేవి కావు, బుక్క మొత్తం నా చేతిలోకే వచ్చేది.

అదే పిల్లగాడు దసరా సెలవుల్లో పరకాల దగ్గర మా అత్తగారి ఊళ్లో, పెరట్లో చెట్టుకున్న లేత బెండకాయ తెంపి పచ్చిదే కరకరా నమిలాడు. తినమని ఎవరూ అనలేదు. ఎవరూ చూడటం లేదనే అనుకున్నాడు. నేను వాకిట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఒకటి అయిపోయాక ఇంకోటి తెంపాడు. వాడికి కూరగాయలు పడవని అప్పటిదాకా చుట్టాలందరికీ చెప్పుకున్నదాన్ని నేనే. వాడికి పడనిది నోట్లో కుక్కే నా చెయ్యి అని ఆ రోజు అనుమానం వచ్చింది.

ఆ అనుమానం తీరడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు వాడికి ఆరు, బిడ్డకు పది. కింద రాసింది ఆ రెండేళ్లలో మా ఇంట్లో నిలబడిన పద్ధతి. పిల్లల డాక్టర్లు, పోషకాహార నిపుణులు చెప్పేవాటిలో మాకు పనికొచ్చినవే ఇందులో ఉన్నాయి. వారంలో ఫలితం కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు.

ముందు లెక్క: ఎంత తినాలి?

ఎంత తినాలో తెలియకపోతే ఎంత తిన్నా తక్కువగానే కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన ప్రకారం కూరగాయలు, పండ్లు కలిపి 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 250 గ్రాములు, 6 నుంచి 9 ఏళ్ల వాళ్లకు 350 గ్రాములు, పదేళ్లు వచ్చాక పెద్దలతో సమానంగా 400 గ్రాములు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ల పళ్లెం ఇంకా నిండుగా ఉంటుంది: రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూర, దానికి తోడు 100 గ్రాముల పండు.

గ్రాములు ఇంట్లో ఎవరు తూస్తారు? నేను ఒకే ఒక్క రోజు తూచాను. మధ్యరకం జామకాయ ఒకటి, చిన్న గిన్నెడు కూర, పప్పులో వేసిన పాలకూర రెండు గంటెలు కలిపితే నాలుగేళ్ల పిల్లగాడి లెక్క ఇంచుమించు పూర్తయింది. అంటే మనం భయపడేంత కొండేమీ కాదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ఆలుగడ్డ ఈ లెక్కలోకి రాదు. ‘మావాడు కూర బాగానే తింటడు’ అని చెప్పే చాలా ఇళ్లలో ఆ కూర ఆలుగడ్డ వేపుడే. మా ఇల్లు కూడా అంతే.

మొదటి మెట్టు: ఆకలి ఎటు పోతుందో చూడండి

వారం రోజులు ఏమీ మార్చకండి. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా పిల్లల నోట్లోకి ఏం పోయిందో ఒక కాగితం మీద రాయండి. చుట్టాలు చేతిలో పెట్టిన చాక్లెట్ కూడా.

మా కాగితం ఇట్లా ఉంది: ఏడింటికి చాయ్‌లో ముంచిన రెండు బిస్కెట్లు. ఎనిమిదింటికి పెద్ద గ్లాసుడు పాలు. బడి నుంచి రాగానే కిరాణా దుకాణంలో అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్. ఆరింటికి మళ్లీ పాలు. పడుకునే ముందు, ‘అన్నం సరిగ్గ తినలే’ అని ఇంకో గ్లాసు పాలు. ఈ పిల్లగాడికి రాత్రి ఎనిమిదింటికి బీరకాయ కూర మీద ఆకలి ఎట్లా అవుతుంది?

ఏడాది దాటిన పిల్లలకు పాలు రోజుకు అర లీటరు దాటితే అన్నం, కూర మీద ఆకలి చచ్చిపోతుంది, పైగా రక్తహీనత కూడా రావచ్చు, ఎందుకంటే పాలలో ఇనుము చాలా తక్కువ. చాయ్‌తో ఇంకో నష్టం. ఆకుకూరల్లో ఉన్న ఇనుమును అది ఒంటికి పట్టనివ్వదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో వందకు 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ అంకె చదివిన రోజే మా ఇంట్లో పిల్లల చాయ్ బంద్ అయింది. మా మామయ్య మాత్రం నెల రోజులు చాటుగా సాసర్లో పోసి ఇచ్చాడు, అది వేరే కథ.

ఇంకో మాట. ఏడాది వరకు పిల్లలు పుట్టినప్పటి బరువుకు మూడింతలు అవుతారు. ఆ తర్వాత బడి వయసు వచ్చేదాకా ఏడాదికి ఇంచుమించు రెండు కిలోలే పెరుగుతారు. పెరుగుదల అంత నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది. దాన్ని జబ్బు అనుకొని మనం గిన్నె పట్టుకొని వెంటబడతాం.

కాగితం నిండాక చేయాల్సింది చిన్నదే. తిండికి వేళలు పెట్టండి, మూడు పూటల భోజనం, నడుమ రెండు చిరుతిళ్లు. నడిమధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. రెండు గంటల ఆకలి పిల్లలకు ఏ హానీ చేయదు. వంటకు అంతకంటే మంచి రుచి ఏ మసాలా ఇవ్వదు.

రెండో మెట్టు: చెయ్యి వెనక్కి తీసుకోవడం

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. పిల్లలకంటే పెద్దవాళ్లకు ఎక్కువ కష్టం.

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980ల నుంచి చెబుతూ వచ్చిన ఒక పంపకం ఉంది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చొని తినాలి అన్నది పెద్దవాళ్ల పని. అందులో ఏది తినాలి, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. వినడానికి సులువే. అమలు చేసిన మొదటి రోజు మా వాడు వట్టి పెరుగన్నం తిని లేచిపోయాడు. మా అత్తమ్మ ప్రాణం విలవిల్లాడింది.

“గట్ల ఇడిసిపెడితె పిలగాడు ఎండిపోతడు బిడ్డా. రెండు బుక్కలు నోట్లె పెడితె ఏం పోయింది?”

“నాలుగు వారాలు చూద్దాం అత్తమ్మా. బరువు తగ్గితే నువ్వు చెప్పినట్టే చేస్త.”

నెల తర్వాత అంగన్‌వాడీలో తూచి చూపించాను. తగ్గలేదు. ఇంట్లో పెద్దవాళ్లతో వాదన పెట్టుకునే బదులు ఇట్లా గడువు, త్రాసు రెండూ పెట్టుకోండి. వాళ్ల భయం నిజమైనదే. తిండికి కరువు చూసిన తరానికి పళ్లెంలో మెతుకు మిగలడం తేలిక సంగతి కాదు. అందుకే పళ్లెంలో తక్కువ పెట్టాలి. మిగిలే భయం ఉండదు, కావాలంటే మారు అడుగుతారు.

ఈ మెట్టు దగ్గర నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. పళ్లెంలో పిల్లలు తినేది ఒకటి ఎప్పుడూ ఉండాలి, పప్పో పెరుగో. అయితే కూర నచ్చలేదని విడిగా ఇంకోటి వండకూడదు. ఫోను, టీవీ బంద్. అందరూ ఒకేసారి కూర్చోవాలి. ఇందులో చివరిదే అసలుది. నాన్న బీరకాయను పళ్లెం అంచుకు నెట్టేస్తుంటే కొడుక్కి మీరు ఎంత చెప్పినా దండగే. మా ఆయన చిన్నప్పటి నుంచి వంకాయ ముట్టలేదు. పిల్లల ముందు మాత్రం ఇప్పుడు ఒక ముక్క వేసుకుంటాడు. మొహం ఎట్లా పెడతాడో నేను చూడను.

‘కూర తింటే చాక్లెట్ ఇస్తా’ అనే బేరం అస్సలు పెట్టకండి. ఆ మాటలోనే కూర శిక్ష, చాక్లెట్ బహుమానం అని పిల్లలకు చెప్పేశాం. ఇట్లాంటి బేరాలతో తినిపించిన పిల్లలకు ఆ కూర మీద ఇష్టం తగ్గడమే పరిశోధకులు కూడా చూశారు. తిన్నప్పుడు చప్పట్లు కొట్టడం, తినకపోతే అక్కతో పోల్చడం, రెండూ అదే జాతి. ఏమీ అనకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మూడో మెట్టు: క్యాలెండర్ మీద గీతలు

రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండిని చూసి భయపడటం పిల్లల నైజం. పాకుతూ, నడుస్తూ ఏదిపడితే అది నోట్లో పెట్టుకునే వయసులో ఆ అనుమానం వాళ్లను విషపు ఆకు నుంచి, పండు నుంచి కాపాడేదని అంటారు. చేదు కూడా మనకంటే వాళ్ల నాలుకకు గట్టిగా తగులుతుంది. కాబట్టి మీకు కమ్మగా ఉన్న మెంతికూర వాళ్లకు మందులాగా అనిపించడం నాటకం కాదు.

ఈ భయం అలవాటుతోనే పోతుంది. ఒక కొత్త రుచిని ఒప్పుకోవడానికి పిల్లలకు మామూలుగా 8 నుంచి 15 సార్లు పడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మనం మూడోసారికే ‘వీడికి ఇది పడదు’ అని తీర్పు చెప్పేస్తాం.

అందుకే గోడ మీద క్యాలెండర్ వెనక పేజీలో కూరగాయల పేర్లు రాశాను. ఒక్కొక్కటి పళ్లెంలో పెట్టిన ప్రతిసారీ ఒక గీత. తిన్నాడా లేదా అన్నది రాయను, పెట్టానా లేదా అన్నదే. ముక్క ఎంత? గోరంత. గుప్పెడు కూర చూస్తే బెదిరే పిల్లలు గోరంత ముక్కకు బెదరరు. ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు, నాలుకకు తగిలించి పళ్లెం అంచున పెట్టేయొచ్చు. ‘ఛీ’ అనొద్దు, ‘ఇవ్వాళ వద్దు’ అనాలి, అంతవరకే నియమం.

బీరకాయను వాడు పదకొండో గీత దగ్గర మింగాడు. తోటకూర ఆరో గీతకే అయిపోయింది. పుంటికూర (గోంగూర) పప్పుకైతే రెండోసారికే పళ్లెం నాకాడు. పులుపంటే చాలామంది పిల్లలకు ప్రాణం కదా, ఆకుకూరలకు మొదటి తలుపు పుంటికూర, చుక్కకూర అని నా అనుభవం. పాలకూరతో మొదలుపెట్టే ఇళ్లు ఒకసారి వీటిని చూడండి.

కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఎవరైనా దీన్ని చదువుతుంటే ఒక మాట. తల్లి తినే తిండి రుచులు ఉమ్మనీటిలోకి, పాలలోకి చేరతాయి. క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు తర్వాత క్యారెట్ కలిపిన తిండిని తేలిగ్గా ఒప్పుకున్నట్టు అమెరికాలో 2001లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ‘బాలింతకు అది పెట్టొద్దు, ఇది పెట్టొద్దు’ అని కూరలన్నీ ఆపేసే ఇళ్లకు ఇది చెప్పాలి.

నాలుగో మెట్టు: మార్కెట్టుకు తీసుకుపోండి

వరంగల్ లక్ష్మీపురం మార్కెట్టుకైనా, హనుమకొండ రైతుబజారుకైనా, మీ ఊరి అంగడికైనా పిల్లల్ని వెంట తీసుకుపోండి. పొద్దున్నే అయితే ఎండ ఉండదు, కూర తాజాగా ఉంటుంది. వాళ్ల చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, ‘నీకు నచ్చిన కూర ఒకటి కొను’ అనండి. నేను మొదటిసారి అట్లా అన్నప్పుడు వాడు పొట్లకాయ కొన్నాడు. ఎందుకంటే అది పాములాగా ఉంది. ఇంటికొచ్చేదాకా భుజానికి వేసుకొని నడిచాడు. ఆ పూట పొట్లకాయ రెండు ముక్కలు తిన్నాడు, తన డబ్బులతో కొన్నది మరి.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. వాటిలో అమ్మేవాళ్లు పండించేవాళ్లే అవ్వాలన్నది ఉద్దేశం. పిల్లలకు అక్కడ దొరికే లాభం ధర కాదు, అడిగితే జవాబు చెప్పే మనుషులు. ‘ఇది చెట్టుకు కాస్తదా, తీగకు కాస్తదా అవ్వా?’ అని మా బిడ్డ అడిగితే చిక్కుడు అమ్మే ముసలమ్మ పాదు పెట్టడం నుంచి పురుగు ఏరడం దాకా చెప్పి చివరికి గుప్పెడు కొసరు వేసింది.

కాలం చూసి కొంటే రుచి ఎక్కువ, ఖర్చు తక్కువ. పిల్లలకు ఒక పండు కోసం ఎదురుచూడటం కూడా తెలుస్తుంది. ఏడాది పొడవునా దొరికే యాపిల్ కోసం ఎవరు ఎదురుచూస్తారు? మన దిక్కు ఎండాకాలం మామిడి, ముంజలు, పుచ్చకాయ, కర్బూజ. ఎండలు ముదిరే ముందు చింతచిగురు. తొలకరికి అల్లనేరేడు. వానాకాలం బోడకాకర వస్తుంది, ధర చూస్తే గుండె ఆగుతుంది కానీ ఏడాదికి ఒకసారైనా తెస్తాను. బతుకమ్మ నాటికి సీతాఫలాలు దిగుతాయి. చలికాలం జామ, సంత్ర, చిక్కుడు, క్యారెట్, సంక్రాంతికి రేగుపండ్లు. ములుగు, భూపాలపల్లి వైపు చుట్టాలుంటే ఎండాకాలంలో తునికి పండ్లు, మొర్రి పండ్లు పంపమని అడగండి. దుకాణంలో దొరికే ఏ చాక్లెట్టుకూ లేని గొప్ప వాటికి ఉంటుంది, ఎందుకంటే వాటిని చుట్టాలు అడవిలో ఏరి తెచ్చారు.

అయిదో మెట్టు: చేతికి పని

కూరతో చేతులకు పరిచయమైతే నోటికి భయం సగం తగ్గుతుంది. మూడేళ్ల పిల్లలు పాలకూర, మెంతికూర ఆకులు తుంచగలరు. సగం కిందపడతాయి, పడనివ్వండి. అయిదేళ్లకు బఠాణీ వలుస్తారు, చిక్కుడుకాయ ఈనె తీస్తారు, నీళ్లలో టమాటలు కడుగుతారు. ఎనిమిదేళ్లు దాటితే పక్కన నిలబడి చిన్న చాకుతో దోసకాయ, అరటిపండు కోయించవచ్చు. మా బిడ్డ పచ్చిపులుసు తనే కలుపుతుంది, ఉల్లిగడ్డ మాత్రం నేను కోసిస్తాను.

పని చేస్తూ పచ్చివి నోట్లో వేసుకుంటే ఆపకండి. బఠాణీ, క్యారెట్ తురుము, టమాట ముక్క, భోజనానికి ముందు ఆకలి మీద అట్లా పోయినవే ఎక్కువ ఉంటాయి. వండే లోపు ఆకలి ఆగలేక చిప్స్ అడిగే వేళలో నేను కోసిన దోసకాయ, క్యారెట్ తురుము పళ్లెంలో వేసి బల్ల మీద పెట్టి, ఎవరినీ పిలవకుండా నా పని నేను చూసుకుంటాను. పది నిమిషాల్లో ఖాళీ.

ఆరో మెట్టు: వంటలో మనం మార్చాల్సింది

మన వంటలో ఒక చిక్కుంది. కారం. వరంగల్ మిర్చి నేల. మన ఇళ్లలో కూరకు పడే కారం పెద్దవాళ్లకు అలవాటు, నాలుగేళ్ల నాలుకకు మంట. పిల్లలు వంకాయను వద్దనడం లేదేమో, మంటను వద్దంటున్నారేమో ఒకసారి ఆలోచించండి. మా ఇంట్లో ఇదే నిజమైంది. ఇప్పుడు ముక్క ఉడికాక కారం వేసే ముందే పిల్లల వాటా చిన్న గిన్నెలోకి తీస్తాను. దానికి ఉప్పు కొంచెం, పల్లిపొడి గానీ నువ్వుల పొడి గానీ ఒక చెంచా. ఎర్రటి రంగు లేకపోతే ముట్టని పిల్లలుంటే చపాటా మిరప వాడొచ్చు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ రకం అదే. రంగు నిండుగా ఇస్తుంది, ఘాటు బాగా తక్కువ.

రెండోది జిగురు, మెత్తదనం. పిల్లలు చాలాసార్లు రుచిని కాదు, నోట్లో తగిలే తీరును వద్దంటారు. మెత్తగా ఉడికిన బెండకాయను ఊసేసిన మా వాడు పచ్చిది నమిలింది అందుకే. బెండకాయను కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక కోయండి. వెడల్పు మూకుడులో, మూత పెట్టకుండా, ఉప్పు చివర్లో వేసి వేపండి. జిగురు పోతుంది, కరకర వస్తుంది. ఆనిగెపుకాయ (సొరకాయ), బీరకాయ లాంటి నీళ్ల కాయలకు శనగపప్పో పెసరపప్పో తోడుంటే నమలడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నూనె పూర్తిగా మానేయకండి. ఆకుకూరల్లో, క్యారెట్లో, గుమ్మడిలో ఉన్న విటమిన్ ఎ సరుకు ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి. తోటకూర వేపుడు మీద చివర్లో నిమ్మకాయ పిండండి. పులుపులోని విటమిన్ సి ఆకులోని ఇనుమును ఒంట్లోకి లాగుతుంది.

ఇక సర్వపిండి. మన వరంగల్, కరీంనగర్ ఇళ్లలో దీని గురించి చెప్పాల్సిన పని లేదు కానీ, కూర తినని పిల్లలకు దీన్ని మించిన వంట నాకు దొరకలేదు. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు నిండా ఆనిగెపుకాయ తురుము, గుప్పెడు సన్నగా తరిగిన తోటకూర, ఒక కట్ట ఉల్లాకు, గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, కరివేపాకు, ఉప్పు, కొంచెం కారం. చిన్న పిల్లలుంటే పల్లీలు దంచి వేయండి, గొంతులో అడ్డం పడకుండా. తురుములోనే నీళ్లుంటాయి కాబట్టి వేడినీళ్లు చూసి చూసి పోస్తూ మెత్తగా కలపండి. నూనె రాసిన సర్వలోగానీ మందపాటి మూకుడులోగానీ చేత్తో పలుచగా అద్ది, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు. ఆ రంధ్రాలు చేసే పని మా ఇంట్లో పిల్లలదే. పొయ్యి మీద పెట్టే ముందే, చల్లగా ఉన్న గిన్నెలో.

కాయ తురిమే ముందు చిన్న ముక్క మీరు రుచి చూడండి. ఆనిగెపుకాయ గానీ బీరకాయ గానీ చేదుగా ఉంటే మొహమాటం లేకుండా పారేయాలి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు.

కూరను పిండిలో, పప్పులో దాచడం మంచిదేనా అని అక్కచెల్లెళ్లు అడుగుతుంటారు. దాచండి, కానీ అబద్ధం చెప్పకండి. ‘ఇందులో ఏముందమ్మా?’ అని అడిగితే ‘ఆనిగెపుకాయ’ అనే చెప్పాలి. ఒకసారి మోసం తెలిసిందంటే తర్వాత ప్రతి రొట్టెనూ విప్పి చూస్తారు. కలిపిన రోజు కూడా విడిగా ఒక ముక్క పళ్లెంలో కనబడాలి, లేకపోతే ఆ కాయ మొహం వాళ్లకు ఎప్పటికీ కొత్తే.

ఏడో మెట్టు: పండు పండులాగే

పండ్లతో పేచీ తక్కువ, కానీ మన తప్పులు ఎక్కువ. జ్యూస్ పండు కాదు. పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది, నాలుగు సంత్రల రసం ఒక నిమిషంలో గొంతు దిగుతుంది. ఏడాదిలోపు పిల్లలకు జ్యూస్ అసలే వద్దని, 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకు రోజుకు 120 మిల్లీలీటర్లు మించొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో చెప్పింది. డబ్బాల్లో వచ్చే మామిడి పానీయాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఖరీదు పండే గొప్పదనే భ్రమ కూడా వదలాలి. విటమిన్ సి లెక్కలో జామకాయ ముందు సంత్ర నిలవదు, జామలో దాదాపు నాలుగింతలు ఉంటుంది. దవాఖానకు పోతే యాపిల్, ఇంటి ముందు చెట్టుకు జామ. మన తీరే అంత. సాయంత్రం నాలుగింటి ఆకలికి కోసిన జామ మీద చిటికెడు ఉప్పు, కారం చల్లి పెట్టండి. చిప్స్ ప్యాకెట్‌తో పోటీ పడగలిగే రుచి అది.

‘జలుబు చేస్తది, చలికాలం జామ పెట్టకు’ అని పెద్దవాళ్లు అంటారు. జలుబు చేసేది వైరస్, పండు కాదు. అయినా రాత్రి పూట పట్టుబట్టి పెట్టాల్సిన అవసరం ఏముంది? మధ్యాహ్నం ఎండలో పెట్టండి, ఫ్రిజ్‌లోంచి తీసినది కాకుండా. ఇల్లూ ప్రశాంతం, పండూ కడుపులోకి పోయె.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. అయిదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా చీల్చి ఇవ్వండి, గుండ్రంగా ఇస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పచ్చి క్యారెట్ ముక్కలుగా వద్దు, తురుముగా. సపోటా, సీతాఫలం, రేగు గింజలు తీసి పెట్టాలి. సీతాఫలం గింజ లోపలి పప్పు విషం, నలిగిన గింజ తాకిన చేత్తో కళ్లు నలుపుకోకూడదు. మామిడి పండ్లను కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టం ప్రకారం నిషేధం. అయినా అక్కడక్కడా పట్టుబడుతూనే ఉంటారు కాబట్టి కాయలు తెచ్చి ఇంట్లోనే గడ్డిలో మాగేసుకోవడం మేలు. రోడ్డు పక్క కోసి పెట్టిన ముక్కలు వద్దు, కాయ కొని ఇంట్లో కోసుకోండి.

బడి డబ్బా

దీని మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. నీరు కారేవి పెట్టకండి, చల్లారాక వాసన వచ్చేవి పెట్టకండి. సర్వపిండి, క్యారెట్ అన్నం, మెంతికూర రొట్టె చల్లారినా బాగుంటాయి. కోసిన జామకు నిమ్మరసం రాస్తే నల్లబడదు. డబ్బా అట్లాగే తిరిగొస్తే తిట్టకండి, ఎందుకు తినలేదో అడగండి. మా వాడు మూడు రోజులు అరటిపండు వెనక్కి తెస్తే నేను నచ్చలేదనుకున్నాను. తీరా చూస్తే తొక్క పడేసే డబ్బా ఎక్కడుందో వాడికి తెలియదు.

ఎనిమిదో మెట్టు: రెండు కుండీలు

పెరడు లేకున్నా సరే. డాబా మీద, బాల్కనీలో రెండు కుండీలు చాలు. మెంతులు చల్లితే మూడు వారాల్లో, పాలకూర నెలకు కోతకు వస్తాయి, పిల్లల ఓపికకు అదే సరిపోయే కాలం. మృగశిర కార్తె దాటాక ఒక బీర గింజ, ఒక గుమ్మడి గింజ పెడితే బతుకమ్మ నాటికి పువ్వులు కూడా పళ్లెంలోకి వస్తాయి. తాను పోసిన నీళ్లకు కాసిన కాయను ఇరుగుపొరుగుకు చూపించి వచ్చాకే మా బిడ్డ వండనిచ్చింది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

పై మెట్లన్నీ మామూలు మొండితనానికి. బరువు తగ్గుతుంటే, లేదా నెలల తరబడి పెరగకపోతే, తినే పదార్థాలు మొత్తం కలిపి పదికి మించకపోతే, మెత్తటివి మింగినా వాంతికి వస్తుంటే, తినేటప్పుడు ఊపిరాడక దగ్గుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి. మట్టి, సుద్దముక్క, పచ్చి బియ్యం తింటుంటే రక్తం పరీక్ష చేయించాలి, ఇనుము తక్కువైన పిల్లలు అట్లా చేస్తారు. నులిపురుగుల మాత్ర 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ మామూలుగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా వేస్తారు. ఆ రోజు పిల్లలు బడికి పోకపోతే, తర్వాత వేసే రోజును టీచర్నో ఆశ కార్యకర్తనో అడిగి వేయించండి.

మా క్యాలెండర్ వెనక పేజీలో ఇప్పుడు పద్నాలుగు పేర్లున్నాయి. పదకొండు కొట్టేశాను. కాకరకాయ, మెంతికూర నడుస్తున్నాయి. దొండకాయకు పందొమ్మిది గీతలు పడ్డాయి, వాడు ఇంకా ముట్టలేదు. రేపు అంగట్లో లేతవి దొరికితే ఇరవయ్యోది గీయాలి.